కాస్త ఖాళీ

రామచంద్రపురంలో మా కారు చూసే మెకానిక్ గారు ముందుగా పెట్రోలు మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. ఇంజను లైటు ఆరడం లేదని నేను మూడోసారి వెళ్లినప్పుడు, కారు కిందకి దూరి, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా విప్పి వంచారు. పెట్రోలే కారింది.

"బంకులో పెట్రోలు గన్ను దానంతటదే ఆగాక కూడా కొట్టిస్తున్నారాండి?"

"కారు ఊపి మరీ నింపిస్తానండి," అన్నాను గొప్పగా.

"ట్యాంకులో కాస్త ఖాళీ ఉంచాలండి. లేకపోతే ఆవిరి ఎక్కడికి పోద్దండి?"

కొత్త డబ్బా బిగించి లైటు ఆర్పేసరికి సాయంత్రం నాలుగైంది. ఆయన నీరసంగా కూర్చుని అన్నం క్యారేజీ తెరిచారు. బయట ఇంకో కారు హారన్ కొట్టింది.

"వస్తున్నానండి!"

కళ్లు మూసుకుని ఒక్కసారి కూర వాసన చూసి, మూత పెట్టేశారు.