రెండో వేలి గోరు

జూలో ఆమెను అందరూ గోళ్లపిన్ని అంటారు. ఇరవై రెండేళ్లుగా కోతులకూ దేవాంగపిల్లులకూ గోళ్లు తీసే పని ఆమెదే. గేటు దగ్గరి రాతిపలక మీద జూను ప్రారంభించిన పెద్దమనుషుల పేర్లున్నాయి. వాళ్లలో ఒక్కరూ కోతి చెయ్యి పట్టుకుని ఎరగరు.

కొత్త డాక్టరు వచ్చిన మూడోరోజు అది. వైద్యం గదిలో బల్ల మీద, తువాలులో చుట్టిన దేవాంగపిల్లి. పేరుకే పిల్లి గానీ కోతులకు చుట్టం; పిడికెడు ఒళ్లు, ముఖం నిండా కళ్లు. వేళ్లకు మనలాగే చదునైన గోళ్లు. వెనక కాళ్ల రెండో వేలికి మాత్రం పైకి లేచిన కొక్కెం.

“ఇదేంటమ్మా, ఇలా వదిలేశారు? తీసేయండి,” అన్నాడు డాక్టరు.

“అది తీసేది కాదు బాబూ.”

“వంకరపోయింది కదా! రేపు ఎక్కడో ఇరుక్కుని ఊడొస్తే?” అంటూ కట్టరు తనే అందుకున్నాడు.

పిన్ని అరచెయ్యి అడ్డం పెట్టింది. “ముందు నా గోరు తియ్యండి. తర్వాత దాని సంగతి చూద్దాం.”

చెయ్యి తియ్యలేదు. చేరిన ఏడాది తనే ఒకదానికి ఆ గోరు తీసేసింది మరి. పాపం ఆ ప్రాణి చెవి వెనక గోక్కోలేక, ఉత్తకాలు గాల్లో ఆడించేది. గోరు మళ్లీ పెరిగేదాకా పిన్ని రోజూ పళ్ల బ్రష్షుతో దాని చెవులు గీరింది. “మొగుడి వీపు గోకడానికి మాత్రం తీరిక లేదు,” అని ఇంట్లో ఆయన దెప్పేవాడు.

“అప్పుడు పాత డాక్టరుగారు పుస్తకం తీసి చెప్పారండి. మనకీ వీటికీ పూర్వీకులైనవాటికి అన్ని వేళ్లకీ వాడిగోళ్లేనట. సన్నకొమ్మలు వేలికొసల్తో పట్టుకోవడం మొదలెట్టాక, లక్షల ఏళ్ల మీద అవి చదునైపోయాయట. వీటికి గోక్కోవడానికి వెనక కాలికొకటి మిగిలింది.”

“అంటే మా తాతకి కూడా వాడిగోళ్లేనా?”

“మీ తాతగారి సంగతి తెలీదు గానీ, మా అత్తగారికి ఇంకా పూర్తిగా పోలేదు.”

డాక్టరుకు నవ్వాగలేదు. అయినా ఊరికే నమ్మకుండా పక్క గూట్లోంచి ఇంకోదాన్ని తెప్పించి కాళ్లు చూశాడు. అదే వేలు, అదే కొక్కెం. మూడోదానికీ అంతే. చదువుకున్నవాడు వెనక్కి తగ్గడం ఆ గది ఎన్నడూ చూడలేదు. ఇతను కట్టరు పిన్ని చేతిలో పెట్టి, “మీరు తియ్యండి, నేను పట్టుకుంటా,” అన్నాడు.

మిగతా పద్దెనిమిది గోళ్లూ తీసి ఆమె తువాలు విప్పగానే, దేవాంగపిల్లి వెనక కాలెత్తి ఆ కొక్కేన్ని చెవిలో దూర్చి, అరమోడ్పు కళ్లతో గోక్కుంది.

“ఇంత హాయిని మనమెందుకు పోగొట్టుకున్నామమ్మా?” అన్నాడు డాక్టరు, తెలీకుండానే తన చెవి గీరుకుంటూ.