బంగినపల్లి కెప్టెన్

నూజివీడులో రగ్బీ ఆడతామంటే మొదట ఎవరూ నమ్మరు. మా ఊళ్ళో క్రికెట్ ఉంది, వాలీబాల్ ఉంది, ఎండాకాలమంతా మామిడికాయల లోడింగ్ ఉంది. వీటి మధ్య కోలగా ఉండే బంతి పట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట ఎందుకని అడిగితే నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. కాలేజీలో వ్యాయామం మాస్టారు నేర్పారు, నాకు అబ్బింది, అంతే. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు, పురుగుమందుల కొట్టులో గుమాస్తా ఉద్యోగం, కుడి మోకాలిలో నొప్పి. జట్టుకి కెప్టెన్ని. ఊళ్ళో మాత్రం నన్ను బంగినపల్లి కెప్టెన్ అంటారు. అది మెచ్చుకుంటూ పెట్టిన పేరు కాదు.

మేం ఆడుకునేది ఒక మామిడి వ్యాపారి షెడ్డు ఆవరణలో. ఆయన్ని నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి, చుట్టరికం ఏమీ లేదు. సీజన్ అయిపోయాక మళ్ళీ మార్చి దాకా షెడ్డు ఖాళీగా ఉంటుంది. కాయలు మాగబెట్టడానికి తెచ్చిన వరిగడ్డి మిగిలితే ఆయన దాన్ని అమ్మేవారు కాదు, ఆవరణలో మందంగా పరిపించేవారు, మేం పడితే దెబ్బ తగలకూడదని. రగ్బీలో పడటమే సగం ఆట. మున్సిపల్ గ్రౌండులో క్రికెట్ వాళ్ళు మమ్మల్ని రానివ్వరు, పొద్దున్నే నడిచే పెద్దమనుషులు అసలే రానివ్వరు. ఆ షెడ్డు పోతే మా జట్టు లేనట్టే.

మొదటిసారి మా బంతిని చేతికిచ్చినప్పుడు ఆయన అలవాటు కొద్దీ ముచ్చిక ఉండాల్సిన చోట బొటనవేలితో నొక్కి చూసి, ఇంకా నాలుగు రోజులు గడ్డిలో పెట్టాలన్నారు. నవ్వుతారేమోనని ఆయన ముఖం చూశాను. నవ్వలేదు. రగ్బీలో బంతిని చేత్తో వెనక ఉన్నవాడికే అందించాలి తప్ప ముందున్నవాడికి ఇవ్వకూడదు. ఈ సంగతి ఆయనకి ఆరేళ్ళలో కనీసం అరవై సార్లు చెప్పి ఉంటాను. అయినా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్రతి ఆటలోనూ ముందున్నవాడికి ఇవ్వమని అరిచేవారు. అవతలి జట్టు వాళ్ళు ఆయన్ని మా కోచ్ అనుకుని జాలిపడేవారు.

ఆయన అమ్మేది చిన్న రసాలు మాత్రమే. బంగినపల్లి కాయ ఆ షెడ్డు గేటు దాటి లోపలికి రాలేదు. జ్యూస్ ఫ్యాక్టరీలకి పోయే కలెక్టర్ కాయ గురించి అయితే ఆయన ముందు మాట్లాడటమే తప్పు.

కిందటి శ్రావణంలో ఒక పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ ఆయన పోయారు. నేను మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. మా అమ్మ ఇలాంటివి చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

మనిషి పోతే మా వైపు ఫ్లెక్సీ కట్టాలి. కట్టకపోతే ఆ మనిషితో పరిచయం లేనట్టే. ఫ్లెక్సీ మీద పోయినవారి ఫోటో మధ్యలో ఉండాలి, చుట్టూ కట్టినవాళ్ళ ఫోటోలుండాలి. మా జట్టులో పద్దెనిమిది మందిమి. ఫ్లెక్సీ షాపతను చింతలపూడి వైపు నుంచి కొత్తగా వచ్చి పెట్టుకున్నాడు. నమూనా తయారుచేసి మా గ్రూపులో పెట్టాడు. పద్దెనిమిది మందిమీ చూశాం. చూశామంటే ఎవరి ఫోటో వాళ్ళం చూసుకున్నాం. ఒకడు తన నల్లకళ్ళద్దాలు సరిగా రాలేదన్నాడు. ముసునూరులో నర్సరీ నడిపే మా వైస్ కెప్టెన్ తన ఫోటో నా ఫోటో కంటే చిన్నగా ఉందని అలిగాడు. నేను నా జుట్టు కాస్త ఒత్తుగా చెయ్యమన్నాను. అన్నీ దిద్దించి, పెద్దది చేయించి, షెడ్డు గేటుకి కట్టి, దాన్నే ఫోటో తీసి శ్రద్ధాంజలి అని సోషల్ మీడియాలో పెట్టాం.

గంట తర్వాత కింద మొదటి కామెంట్ వచ్చింది. ఆ కాయలేంటండీ అని ఎవరో అడిగారు.

అప్పుడు చూశాం. బాబాయిగారి ఫోటో చుట్టూ దండలాగా మామిడికాయలు పేర్చాడు షాపతను. పచ్చగా, నున్నగా, బరువుగా ఉన్న కాయలు. అన్నీ బంగినపల్లి. పరిగెత్తుకుంటూ వెళ్ళి అడిగితే మామిడికాయంటే మామిడికాయే కదండీ అన్నాడు. నూజివీడులో కొట్టు పెట్టుకుని ఆ మాట అన్నవాణ్ణి ఏం చెయ్యాలో నాకు తోచలేదు. కానీ నమూనా ఒప్పుకున్నది మేమే.

సాయంత్రానికి కామెంట్లు వందలు దాటాయి. ఇది పొరపాటు కాదనీ, రసాల వ్యాపారిని చచ్చాక అవమానించారనీ రాశారు. మామిడి వ్యాపారులకి ఒక గ్రూపు ఉంది. దాని అడ్మిన్ బాబాయిగారికి పాత స్నేహితుడు, ఆయనా రసాల వ్యాపారే. వీళ్ళసలు ఎలాంటివాళ్ళో చూద్దామని ఆయన మా పద్దెనిమిది మంది పాత పోస్టులూ తవ్వడం మొదలుపెట్టారు. మా వైస్ కెప్టెన్ ఎప్పుడో మామిడి జ్యూస్ సీసాని కౌగిలించుకుని, అసలైన రుచి అని రాసుకున్నాడు. ఇంకొకడు గోవా వెళ్ళి అక్కడి ఆల్ఫాన్సో పండ్లకి దణ్ణం పెడుతున్న ఫోటో పెట్టాడు. ఒకడైతే చిన్నప్పుడు బాబాయిగారి తోటలోనే కాయలు కొట్టేస్తూ సెల్ఫీ తీసుకున్నాడు, నవ్వుతూ. వాడికి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. కొట్టేసినవి రసాలే కదా.

అందరిలోకీ నాది ఘోరం. ఆరేళ్ళ కిందట ఎవరింట్లోనో భోజనం చేసి వచ్చి రాసుకున్న పోస్టు. రసాలా, పీచు నమిలినట్టుంది, బంగినపల్లి ముందు దిగదుడుపే. పక్కన రగ్బీ బంతి పట్టుకున్న నా ఫోటో. అడ్మిన్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేశారు. అక్కణ్ణుంచి అది బాపులపాడు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మా కొట్టుకి పురుగుమందు కోసం వచ్చిన రైతు కూడా నన్ను పైనుంచి కిందకి చూసి, నువ్వేనా అన్నాడు.

క్షమాపణ చెప్పాలన్నారు మా వాళ్ళు. పద్దెనిమిది మందిమీ కూర్చుని రాశాం. అన్ని రకాల మామిడిపండ్లనూ మేం సమానంగా గౌరవిస్తాం అని ముగించాం. చాలా పెద్దమనిషి తరహాగా ఉందనుకున్నాం. సమానంగానా అని ఊరు మళ్ళీ లేచింది. దాంతో ఈసారి రసం తింటూ వీడియో తీసి పెడదామన్నాడు వైస్ కెప్టెన్. శ్రావణంలో రసాలెక్కడివి? వాడే ఎక్కడో ఒక డబ్బా గుజ్జు సంపాదించి, గ్లాసులో పోసుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. ఆ రంగు చూసి అది కలెక్టర్ గుజ్జని పది నిమిషాల్లో పట్టేశారు. మా ఊరివాళ్ళ కళ్ళని తక్కువ అంచనా వేశాం.

ఇక అడ్మిన్ అసలు మాట అన్నారు. ఇలాంటివాళ్ళకి ఆ షెడ్డు ఇవ్వకూడదు, పెద్దకర్మ నాడు కుటుంబం తేల్చి చెప్పాలి. బాబాయిగారి తమ్ముడు దానికి సరేనన్నారట. నిర్ణయం మాత్రం పిన్నిగారిది, అంటే బాబాయిగారి భార్యది. ఆవిడ ఇంతవరకూ ఏమీ అనలేదు. ఆ రోజు కొట్టులో కూర్చుని ఫోన్ తీసి, అంత గొడవకీ కారణమైన ఆ పాత పోస్టుని పీకేశాను. ప్రాణం కాస్త తేలికపడింది.

మర్నాడే పిన్నిగారు కబురంపారు. చెప్పులు వీధిలోనే వదిలి తల దించుకుని వెళ్ళాను. ఆవిడ వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నారు. కాయల సంగతి ఎత్తుతారని మాటలు తయారుచేసుకుని వెళ్ళాను, ఆవిడ అడిగింది వేరు.

"అప్పట్లో ఆయన నీకేదో రాశారు కదా బాబూ. కొత్త ఫోన్ కొన్నాక మొట్టమొదట టైప్ చేసింది నీకే. సాయంత్రమంతా కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు, నన్ను చూడనివ్వలేదు. ఇప్పుడా ఫోన్ తెరుద్దామంటే లాక్ ఎవరికీ తెలీదు. నీ దాంట్లో ఉంటది కదా, చదివి పెట్టు."

నిజమే. ఆ పోస్టు కింద ఆయన పెద్ద కామెంట్ రాశారు. మా పరిచయం మొదలైందే దాంతో. నువ్వు తిన్నది రసం కాదు, రేపు పొద్దున మా షెడ్డుకి రా అని అందులో ఉంది. అంతవరకే చదివి, ఎవరీ పెద్దమనిషి అని ఒళ్ళు మండి, మర్నాడు పొద్దున్నే పోట్లాడటానికి వెళ్ళాను. మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. నేను నొక్కలేదు. ఆ తర్వాత ఆరేళ్ళూ మనిషే ఎదురుగా ఉంటే ఆ రాత ఎవరికి గుర్తుంటుంది?

తీసేశానండీ అన్నాను. పోస్టు తీసేస్తే కింద ఉన్నవన్నీ దాంతోపాటే పోతాయని వివరించబోయాను.

"నీది తీసేశావు, సరే. ఆయనది ఎందుకు తీశావు?"

షెడ్డు పోతుందన్న భయం అప్పటికి ఎక్కడికి పోయిందో తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఊరంతా నన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ నాకు తగల్లేదు గాని, ఈ ఒక్క ప్రశ్న తగిలింది.

ఆ కామెంట్ ఇంకెక్కడైనా ఉంటే ఒక్కచోటే ఉండాలి. తిన్నగా అడ్మిన్ గారి కొట్టుకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడి బల్ల అవతలికి జరిగారు. రగ్బీ ఆడేవాడు మీదపడి కొడతాడనుకున్నారు కాబోలు. కొట్టడానికి రాలేదండీ, నన్ను తిడుతూ మీరు వేసిన స్క్రీన్‌షాట్ నాక్కావాలి, మొత్తం కావాలి అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పిన్నిగారు అడిగింది చెప్పాక మెల్లగా కూర్చుని, ఫోన్‌లో శుభోదయం గులాబీల మధ్య, మార్కెట్ రేట్ల మధ్య వెతికారు. దొరికింది. పైన నా పోస్టు, కింద బాబాయిగారి కామెంట్ చివరిదాకా తెరిచి ఉంది. నన్ను బజారుకీడ్చిన మనిషి నాకంటే శ్రద్ధగా చదివారు.

"గ్రూపులో వేసినప్పుడు ఈ కింద సగం ఎందుకు కోసేశారండీ?"

"ఆయన ఇంటి సంగతి ఉంది అందులో. గ్రూపులో వెయ్యడం మర్యాద కాదనిపించింది."

నా పరువు తీయడం మర్యాదేనా అని అడగాలనుకున్నాను. చదివాక అడగలేదు. ఆయన నాకు పంపి, నా ముందే తన ఫోన్‌లోంచి చెరిపేశారు.

మళ్ళీ వసారాలో కూర్చుని పిన్నిగారికి చదివి వినిపించాను. బాబాయిగారు చుక్కలూ కామాలూ లేకుండా రాశారు. బాబూ నువ్వు తిన్నది రసం కాదు ఎవరో కోసి ముక్కలు పెట్టి ఉంటారు రసాన్ని కొయ్యకూడదు మెత్తగా నొక్కాలి ముచ్చిక తీసి మొదటి చుక్క పారబొయ్యాలి అందులో సొన ఉంటుంది అప్పుడు జుర్రుకోవాలి రేపు పొద్దున మా షెడ్డుకి రా నేను నేర్పుతా ఫోటోలో ఆ బంతి ఏంటో కూడా తీసుకురా సీజన్ ఆఖరు కదా షెడ్డు ఖాళీగానే ఉంది బంగినపల్లి ఇష్టమన్నావని నాకు కోపం లేదు మా ఆవిడకీ అదే ఇష్టం నాకు తెలియకుండా పుట్టింటి నుంచి తెప్పించుకుని వంటింట్లో తింటుంది ముప్పై ఐదేళ్ళ నుంచి నాకు తెలుసు ఆవిడతోనే గొడవ పెట్టుకోలేదు నీతో ఏం పెట్టుకుంటాను.

పిన్నిగారు ఇంకోసారి చదవమన్నారు. మూడోసారి ఆఖరి ముక్క మాత్రమే చదవమన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"తెలుసా ఆయనకి," అన్నారు చివరికి. "డబ్బా బియ్యంలో దాచేదాన్ని."

షెడ్డు సంగతి నేను అడగలేదు. గేటు దాకా వచ్చి ఆవిడే చెప్పారు. ఆయన రమ్మన్నారు కదా, ఆడుకోండి, గడ్డి తడవకుండా చూసుకోండి. పెద్దకర్మ నాడు అందరి ముందూ కూడా అదే చెబుతానన్నారు, చెప్పారు. కానీ ఆ రోజు గేటు దగ్గర ఇంకో మాట కూడా అన్నారు.

"ఆ రాత ఎవరికీ చూపించకు బాబూ. రసాల వ్యాపారి ఇంట్లో బంగినపల్లి తిన్నారంటే ఆయనకేం బాగుంటది?"

నా మీద పడ్డ మచ్చ పోగొట్టే సాక్ష్యం నా ఫోన్‌లోనే ఉంది, ఎవరికీ చూపించలేను. అందుకే ఇప్పటికీ నేను ఊళ్ళో బంగినపల్లి కెప్టెన్నే. జట్టులో కూడా ఎవరికీ తెలీదు. షెడ్డు ఎలా దక్కిందని వైస్ కెప్టెన్ని అడిగితే తన వీడియో పనిచేసిందంటాడు. ఇది రాస్తానని మొన్న పిన్నిగారిని అడిగాను. ఎవరి పేరూ రాయకపోతే సరేనన్నారు. రాయలేదు.

ఈ ఎండాకాలం షెడ్డులో మొదటి రసాలు దిగిన రోజు ఆవిడ నన్ను పిలిచి ఒక పండు ఇచ్చారు. మెత్తగా నొక్కి, ముచ్చిక తీసి, మొదటి చుక్క పారబోసి, ఆయన నేర్పినట్టే తిన్నాను. చుట్టూ హమాలీలు, వ్యాపారులు, అడ్మిన్ గారు కూడా చూస్తున్నారు. అద్భుతంగా ఉందండీ అన్నాను. పీచు యథాప్రకారం పళ్ళల్లో ఇరుక్కుంది. కాసేపయ్యాక పిన్నిగారు తక్కెడ గదిలోకి రమ్మని కళ్ళతోనే చెప్పారు. తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచారు. బంగినపల్లి ముక్కలు, మూత మీద ఇంకా రెండు మూడు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

ఇప్పుడు ఎవరికోసం బియ్యంలో దాస్తున్నారండీ అని అడగబోయి మానేశాను. ఇద్దరం చప్పుడు కాకుండా తిన్నాం.