ఎండిన బాయి కథ సగంల ఆపి పోయిన ఆపా

ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్తున్న. సమ్మన్న ఫోన్ చేసిండు. బడి యాళ్లల ఆయన ఎన్నడు చెయ్యడు. చాక్‌పీసు చేతిలనే ఉంది, వరండలకు వచ్చి ఎత్తిన.

“చెల్లె, ఆపా పోయిందట.”

“ఏడికి పోయింది?” అన్న.

నిజంగనే అట్ల అడిగిన. పొద్దున జర తల తిరుగుతున్నదని ఆపా సెలవు పెట్టింది. దవాఖానకు పోయిందేమో, భూపాలపల్లిల ఉన్న తమ్ముని కాడికి పోయిందేమో అనుకున్న. అవతల సమ్మన్న ఊపిరి తీసుకునుడు ఒక్కటి ఇనవడ్డది. అప్పుడు సమజైంది. సమజైనంక గూడ లోపలికి పోయి బోర్డు మీద సగం రాసిన లెక్క పూర్తి చేసిన. జవాబు తప్పు పడ్డది. ఒక పిల్ల లేచి చెప్పింది. నేను అట్లనే నిలవడి ఆ తప్పును చూసుకుంట ఉన్న.

ఆపా అంటె అక్క. ఆమె మా బడిల ఇంగ్లీషు చెప్పేది. జనగామల మా ఇంటి గోడ, ఆమె ఇంటి గోడ ఒకటే. నేను పుట్టింది ఆమె ఇంట్ల కాదు గని, నాకు తోడబుట్టినోళ్లు ఎవ్వరంటె ముందు ఆమె ముఖమే యాదికొస్తది.

దవాఖానకు ఉరికిన. సరోజ అక్కడ నర్సు. ఆ రోజు డ్యూటీల ఉన్నది ఆమెనే. గోడకు ఒరిగి కింద కూసున్నది. “అక్కా, ఆటోల నుంచి దించినప్పుడు చెయ్యి వెచ్చగనే ఉండె,” అన్నది. “ఎంత చేసిన గుండె మళ్ల కొట్టుకోలే.”

“ఎట్లయిందే? ఎవరు చూసిండ్రు? ఆఖరికి ఏం తిన్నది? ఏం అన్నది?” నేను అడుగుతనే ఉన్న. సరోజ నా ముఖం దిక్కు వింతగ చూసింది. అప్పుడు నాకే తెలిసొచ్చింది. అవి ఆపా మాకు నేర్పిన ప్రశ్నలు. ఏ శవం కాడికి పోయినా ముందుగాల గివే అడగాలని ఆమెనే చెప్పేది.

చెప్పేది ఆటల.

ఆ ఆట గురించి చెప్పాలె. మా దిక్కు చానమందికి తెల్వదు. ఆపా వాళ్ల అక్క బిడ్డ హైదరాబాదుల చదువుకుంట నేర్చుకొని, ఎండకాలం సెలవులకు వచ్చి ఆపాకు నేర్పింది. ఒకరు కథ నడుపుతరు. మిగిలినోళ్లు ఆ కథల ఒక్కొక్క మనిషి అయితరు. “ఇగ ఏం చేస్తవు?” అని కథ నడిపేటామె అడుగుతది. మనం చెప్పాలె. అది అయితదా కాదా అన్నది పాచికలు చెప్తయి. మనం ఆడే పాచికల లెక్క కాదు, ఒకదానికి ఆరు ముఖాలుంటె ఇంకొకదానికి ఇరవై. రాజులు, కోటలు, మంత్రగాళ్లు, దయ్యాలు అన్ని ఉంటయి.

ఆదివారం పగటిపూట అన్నాలు తిన్నంక ఆపా ఇంట్ల కూసునేటోళ్లం. నేను, సరోజ, సమ్మన్న. సమ్మన్న భూపాలపల్లి బొగ్గుబాయిల చేసి రిటైరై, జనగామల బిడ్డ కాడ ఉంటున్నడు. మొదటి రోజు “ఎవరైతవు అన్నా?” అని ఆపా అడిగితె, “కత్తి పట్టిన వీరుణ్ణి. కాకపోతె చీకటంటె భయం,” అన్నడు. మేం నవ్వితె, “బతుకంత చీకట్ల ధైర్యంగ ఉన్న గదనే. గీడన్న నన్ను జర భయపడనియ్యున్రి,” అన్నడు. సరోజను వైద్యురాలివి కమ్మంటె ఒప్పుకోలే. “దవాఖానల చేసేదే ఇంటికొచ్చి చెయ్యాల్నా? నేను దొంగను,” అన్నది. నేను చచ్చినోళ్లతోని మాట్లాడే మంత్రగత్తెను.

పక్క అర్రల ఆపా వాళ్ల అమ్మీ పండుకొని ఉండేది. ముసలామెకు నిద్ర చెడుతదని ఆపా బల్ల మీద శాలువ మడతపెట్టి పరిచేది. పాచికలు దాని మీద చప్పుడు లేకుంట పడేవి. ఆపా కళ్లద్దాలు తల మీదికి ఎత్తి, సోంపు నములుకుంట, వచ్చిన అంకె చూసి, మంచిదా చెడ్డదా చెప్పకుంట కొద్దిసేపు ఊకుండేది. ఆ కొద్దిసేపట్ల మా పాణాలు పోయేవి.

ఆమె ఆఖరుగ నడిపిన కథ ఒక హత్య కథ. గుట్ట మీద కోట, కింద ఊరు. ఊరికి నీళ్లు పంచే నీరటాయన చచ్చిపోయి కనవడ్డడు. శవం దొరికింది ఏండ్ల కింద ఎండిపోయిన బాయిల. బట్టలు పొడిగ ఉన్నయి. కడుపు నిండ నీళ్లు. నీళ్లు లేని బాయిల మనిషి ఎట్ల మునిగి చచ్చిండు? చంపింది ఎవరు?

ఊరంత ఒకటే మాట. ఊరి చివర మూలికలు అమ్ముకుంట ఒంటరిగ బతికే ముసలామె చేతబడి చేసిందని. మేం ముగ్గురం కోటంత తిరిగినం, రాజు నగల పెట్టె వెతికినం, కాపలావాళ్లతోని కొట్లాడినం. అన్ని ఆనవాళ్లు ముసలామె దిక్కే చూపెట్టినయి. ఊరోళ్లు దివిటీలు పట్టుకొని వస్తె ఆమెను వాళ్లకు అప్పజెప్పినం. గెలిచినమని సంబురపడ్డం. సమ్మన్న చప్పట్లు గూడ కొట్టిండు. ఆపా పాచికలు మూట కట్టింది.

ఆ తర్వాతి ఆదివారం ఆట షురూ చేసుడే ఇట్ల చేసింది: “పొద్దున ఊరోళ్లు లేచి చూస్తె ఎండిన బాయిల ఇంకో శవం.”

నేను చచ్చినోళ్లతోని మాట్లాడేదాన్ని గదా, ఊరోళ్లు చంపిన ఆ ముసలామెను పిలుస్త అన్న. పాచిక మంచిగనే పడ్డది. ఆపా కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. గొంతు మారింది. పెద్దగ ఏం చెయ్యలే, మస్తు అలసిపోయిన ఆడిమనిషి లెక్క మెల్లగ మాట్లాడింది.

“అందరిని అడిగిండ్రు. రాజును అడిగిండ్రు. కాపలోన్ని అడిగిండ్రు. నా ఇంటి ముందలి నుంచే నాలుగు మాట్ల పోయిండ్రు. నన్ను ఒక్కమాట అడగకపోతిరి బిడ్డా.”

సరోజ చాయ్ గిలాస కింద పెట్టి లేచి బయటికి పోయింది. ఎందుకు పోయిందో మాకప్పుడు తెల్వదు.

ఎందుకో పోయిన వానకాలం తెలిసింది. సరోజది కురవి దిక్కు ఒక లంబాడి తండ. ఆమె పెద్దమ్మ మీద తండల లొల్లి పుట్టింది. మేకలు వరసవెట్టి చచ్చినయి. ఆ మేకలాయన కొడుకు కక్కుకుంట మంచం పట్టిండు. పెద్దమ్మనే చేతబడి చేసిందని, పొద్దుగూకెలోపట పంచాయితి పెట్టి తేలుస్తమని అన్నరు. అట్లాంటి పంచాయితీలు ఎట్ల తేలుతయో మా దిక్కు అందరికి తెలుసు. చిన్నప్పటి నుంచి పెద్దమ్మ మీద గీ మాటలు ఇన్నదట సరోజ. ఏడ్చుకుంట ఆపాకు ఫోన్ చేసింది.

ఆపా నాకు ఒక్కటే చెప్పింది, “చెల్లె, చెప్పులేసుకో.”

సమ్మన్న అల్లుని కారు తీసిండు. మేం పోయేవరకు తండ మధ్యల జనం. పెద్దమ్మ ఒక్కతె ఒక మంచం మీద కూసున్నది. ఆమె పక్కకు ఎవ్వరు పోతలేరు. ఆపా బురఖ ముఖం మీదికెల్లి పైకి తీసుకొని, సక్కగ పోయి ఆ మంచం మీదనే, ఆమె పక్కకే కూసున్నది. గుంపుల గుసగుసలు ఆగినయి.

“ఈమె రాత్రి మేకల దొడ్డి చుట్టు తిరిగింది,” అన్నడు మేకలాయన. మనిషి ఊగిపోతున్నడు. ఆయనకు మేకలు పోయినయి, కొడుకు పోతున్నడు.

“నువ్వు చూసినవా అన్నా?” ఆపా అడిగింది.

“నా బామ్మర్ది చూసిండు.”

బామ్మర్దిని అడిగింది. “నేను చూడలే. గా ముసలాయన చెప్పిండు.” ముసలాయనను అడిగింది. “నాకు కిరాణం కాడ తెలిసింది.” కిరాణం నడిపే ఆమె జనంలనే ఉన్నది. సరోజ వాళ్ల భాషల అడిగితె ఆమె మేకలాయన దిక్కు చెయ్యి చూపెట్టింది. “నాకు ఈయననే చెప్పిండు.”

ఒకాయన కట్టె నేలకు కొట్టి, “పట్నం నుంచి వచ్చి మాకు చెప్తవా?” అన్నడు.

“జనగామ పట్నమేంది అన్నా,” అన్నది ఆపా. ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు. ఆ నవ్వుతోని ఏదో సడలింది. అప్పుడు ఆమె పెద్దమ్మ దిక్కు తిరిగి, “నువ్వు చెప్పమ్మా. నిన్ను ఎవ్వరన్న అడిగిండ్రా?” అన్నది. పెద్దమ్మకు అప్పటిదాక రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుసుకుంటనే చెప్పింది, ఆ పిలగాడు పత్తికి మందు కొట్టే డబ్బ మేకలు తాగే తొట్టి కాడనే కడుగుడు తను చూసిందని, ఎవరితోని చెప్పాల్నో తెల్వక ఊకున్నదని.

ఆపా మేకలాయనతోని అన్నది, “నీ కొడుకును ముందు దవాఖానకు తోలుకపోదాం. వాడు బాగైనంక వచ్చి నన్ను తిట్టు, పడ్త.”

మహబూబాబాదు తోలుకపోయినం. మందు విషం ఒంట్లకు ఎక్కిందని డాక్టరు అన్నడు. పిలగాడు బతికిండు. మేకలాయన మంచి మాట ఒక్కటి గూడ అనలే, తిట్టనూ లేదు. తండల కొందరు ఇప్పటికి పెద్దమ్మ ఎదురొస్తె ఆగి పోతరట. కాని ఆమె బతికున్నది. తన ఇంట్ల ఉన్నది.

తిరిగొచ్చేటప్పుడు కార్ల ఆపాకు నీళ్ల సీసా మూత తియ్యరాకపాయె, నేను తీసిచ్చిన. “ఆట అయితె పాచిక ఏసేదాన్ని చెల్లె,” అన్నది. “గాడ పాచిక లేకపాయె.” ఆ కథను కావాలనే అల్లినవా, ఇట్లాంటిది ఏదన్న నువ్వు చూసినవా అని అడగాలనుకున్న. ఆమె కండ్లు మూసుకున్నది. తర్వాత అడుగుదామనుకున్న.

ఆపా పోయే ముందటి ఆదివారం ఆటల మేం ఆఖరికి ఎండిన బాయిలకు దిగినం. మూలికల ముసలామె దయ్యం మాకు తోవ చూపెట్టింది. మేం చంపించిన మనిషే మా ముందు దీపం పట్టుకొని నడిచింది, ఊరి పిల్లలనన్న బతికించాలని. బాయి గోడ తడిగ తగిలింది. అడుగున ఎవరో సమ్మన్న కాలు పట్టుకున్నరు. ఆపా పాచికల మీద శాలువ కప్పేసింది.

“ఒక్క పేరు చెప్పు టీచరమ్మా, నిద్ర పట్టదు,” అని సమ్మన్న బతిలాడిండు.

“పేరు చెప్తె వచ్చే ఆదివారం మీరు రారు,” అన్నది.

మేం వచ్చినం. అలవాటు కొద్ది ముగ్గురం ఆ యాళ్లకు ఆమె ఇంటికే పోయినం. ఆపా భర్త తలుపు తీసిండు. ఎప్పుడు ఒక్క మాట ఎక్కువ మాట్లాడని మనిషి. గడియారాలు బాగు చేసే దుకాణం. మేం ఆడుకుంటుంటె పరదా అవతల కూసొని ఏదో సవరించుకుంట ఉండేటోడు. సమ్మన్న నీళ్లు నమిలి నమిలి, “ఆపా మీకేమన్న చెప్పిందా... ఆ బాయిల...” అన్నడు.

ఆయన తల అడ్డంగ ఊపిండు. “నేను గూడ అడిగిన అన్నా. చెప్పలే. నేను గూడ ఇంటుంటిని గద పరదా ఎనకకెల్లి.” అని, ముఖం అటు తిప్పుకొని, “మీకెవరి మీద అనుమానం?” అన్నడు.

ముగ్గురం మూడు పేర్లు చెప్పినం. ఆయన ఇంకో పేరు చెప్పిండు. సమ్మన్న తను నడుపుత అని కూసున్నడు. “బాయి అడుగున...” అని మొదలువెట్టి ఆపేసిండు. ఇంకోసారి మొదలువెట్టిండు. “నాతోని కాదు చెల్లె,” అన్నడు. చాయ్ తాగి లేచినం. ఆ ఊరోళ్లు అట్లనే ఉన్నరు. ఆ బాయి అట్లనే ఉన్నది. నాకు రోజూ తెల్లారగట్ల ఒక్క క్షణం ఆపా ఉన్నదనే అనిపిస్తది. మళ్ల చాక్‌పీసు చేతిల పట్టుకొని వరండల నిలవడ్డట్టయితది. డాక్టరు గుండె ఆగిందన్నడు. గుండె ఎందుకు ఆగిందని నేను ఎవరిని అడగాలె?

జనాజా లేచిన దినం సంగతి ఒకటి చెప్తె ఇగ అయిపోయినట్టే. మగోళ్లు ఎత్తుకొని పోయిండ్రు. గల్లీ మలుపు తిరిగిందాక చూసి ఆడోళ్లం లోపలికి వచ్చినం. అమ్మీ గోడ దిక్కు చూసుకుంట కూసున్నది. ఏడుస్తలేదు, మాట్లాడుతలేదు, నీళ్లు ముట్టుతలేదు. అప్పుడు సరోజ పెద్దమ్మను తీసుకొని వచ్చింది. తండ నుంచి బస్సు పట్టుకొని వచ్చిందట, అద్దాలు కుట్టిన వాళ్ల బట్టల్లనే. వచ్చి ఎవ్వరిని ఏం అడగలే. అమ్మీ పక్కకు పోయి కూసొని, ఆమె చెయ్యి తన ఒళ్లె పెట్టుకొని, వాళ్ల భాషల ఏదో చెప్పుడు మొదలుపెట్టింది. అమ్మీకి ఆ భాష రాదు. అయినా తల తిప్పి ఇన్నది. ఇనుకుంట ఇనుకుంట తన ఉర్దుల ఏదో జవాబు చెప్పింది. అది పెద్దమ్మకు రాదు. కిటికీలకెల్లి మధ్యాన్నపు ఎండ పడుతున్నది. పెద్దమ్మ ఎక్కెక్కి ఏడ్చినప్పుడల్లా ఆమె రవిక మీది అద్దాలు కదిలి, చిన్న చిన్న వెలుగు చుక్కలు గోడ మీద, పైకప్పు మీద, అమ్మీ తెల్ల కొంగు మీద అటిటు ఉరికినయి.