రిపోర్టు రాకముందే కృతజ్ఞత కూడిక

మొన్న తాడేపల్లిగూడెం నుంచి చుట్టాలావిడ వాట్సాప్‌లో పిలుపు పంపింది. కొత్త కారు కొన్నారట, కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారట, తప్పక రావాలట. మా క్రైస్తవ కుటుంబాల్లో ఇది మామూలే. ఇల్లు కట్టినా, ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా పాస్టరుగారిని పిలిచి, నలుగురితో కలిసి ప్రార్థన చేసి భోజనాలు పెడతాం. మేలు ముందు, కృతజ్ఞత తరువాత. ఈ వరసను తిరగేసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ మా మేనత్త.

వాళ్ళది కొల్లేటి ఒడ్డున ఊరు. మావయ్య చేపల చెరువుల దగ్గర మేతలూ కాపలా చూసేవారు. నోటికి హితవైంది తినడంలో ఆయనకున్న శ్రద్ధ మరి దేనిమీదా ఉండేది కాదు. అలాంటి మనిషి కొన్నేళ్ళ కిందట తిండి సయించక చిక్కిపోయారు. ఏలూరులో డాక్టరు కడుపులోంచి ముక్క తీసి పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మావయ్య మంచం మీద పడుకుని ఫోను వైపే చూస్తుండేవారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి, ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అంటూ అత్తయ్య ఊరంతా పిలిచేసి ఉంది.

ఊరు ఊరుకుంటుందా? కూడిక పెట్టారంటే రిపోర్టు మంచిదే వచ్చిందని అందరూ తేల్చేసుకున్నారు. ఒకాయన ఏకంగా పూలదండ పట్టుకొచ్చాడు. మావయ్య చేతులు పట్టుకుని, గండం గడిచిందటగా అన్నాడు. మావయ్య ముఖం వెలిగింది. గబుక్కున అత్తయ్య వైపు తిరిగారు. సంగతి తెలిసీ నాకు చెప్పలేదా అన్నట్టుంది ఆ చూపు. రిపోర్టు రాలేదని నాకు తెలుసు. ఇంత ఆశ పుట్టించి, ఇప్పుడు కాదని ఎలా చెబుతుందీవిడ?

పాస్టరుగారూ పొరబడ్డట్టే ఉన్నారు. దేవుడు చేసిన మేలేమిటో సాక్ష్యం చెప్పమన్నారు. అత్తయ్య కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"రిపోర్టు ఇంకా రాలేదండీ. ఎలా వస్తుందో నాకూ తెలీదు. మొన్న గురువారం మజ్జానం ఈయన కొర్రమీను పులుసు అడిగి మరీ వేయించుకున్నారండీ. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నారు. దేవుడు మన చేతిలో పెట్టింది ఈ పూటే కదండీ. దానికి స్తోత్రం చెప్పుకుందామని పిలిచాను."

దండ తెచ్చినాయన దాన్ని మెల్లగా కుర్చీ కిందికి నెట్టాడు. మావయ్య తల ఎత్తారు.

"పులుసులో ఇంకాస్త చింతపండు పడాల్సిందండీ, పాస్టరుగారూ," అన్నారు.

అందరికన్నా ముందు నవ్వింది అత్తయ్యే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ పూట మావయ్య అందరితోపాటు కూర్చుని, కబుర్లు చెబుతూ తిన్నారు. ఫోను లోపల మంచం మీదే ఉండిపోయింది.

రిపోర్టు ఆ వారంలోనే వచ్చింది. మంచిది కాదు. వానలు పడేలోపే మావయ్య వెళ్ళిపోయారు. అత్తయ్య గుండె రాయి చేసుకుందని చెప్పను, కుమిలి కుమిలి ఏడ్చింది. కాని ఆ కూడిక పెట్టినందుకు ఎన్నడూ నొచ్చుకోలేదు.

గూడెం వెళ్తాను. కారు బాగానే ఉంటుంది, భోజనమూ బాగానే ఉంటుంది. అంతా తేలాక సంతోషిద్దాంలే అని అత్తయ్య ఆగి ఉంటే, ఆ ఆదివారం కూడా ఫోను వైపు చూస్తూనే గడిచిపోయేది.