సాక్ష్యం చెప్పాక కూడా టాబ్లెట్

డిగ్రీ పాసయ్యానండీ! ఈ మాట చివర్లో చెప్దామనుకున్నాను, ఆగలేకపోయాను. ఇక మొదటి నుంచి చెప్తాను.

డిగ్రీలో చేరిన కొత్తలో, పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో మా ఇంట్లో జడ వేసుకుంటుంటే మెడ పక్కన గడ్డలు చేతికి తగిలాయి. నొప్పి లేదు. "జలుబు గడ్డలే, పోతాయి," అంది అమ్మ. పోలేదు. కాళ్ల మీద ఎర్రచుక్కలు కూడా వచ్చాయి. మా ఊరి ఆసుపత్రిలో స్కాన్ తీసి, కడుపులో స్ప్లీన్, అంటే ప్లీహం, వాచిందని, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ తగ్గాయని, చెన్నై వెళ్లమన్నారు. క్యాన్సరేమోనన్న భయంతో నాన్న ఓడలో నా మొహం కూడా చూడలేకపోయారు.

బయాప్సీలో క్యాన్సర్ లేదు. జీన్ టెస్ట్‌లో తేలింది, ఎ.ఎల్.పి.ఎస్. అనే జబ్బట. అక్కడి తెలుగు డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు.

"జబ్బుతో పోరాడే తెల్లకణాలు పనైపోయాక చచ్చిపోవాలమ్మా. దానికి కణం లోపలే ఒక సిగ్నల్ నడుస్తుంది. అపోప్టోసిస్ అంటాం. నీకు ఆ సిగ్నల్ మధ్యలో తెగిపోతోంది. చావాల్సినవి చావకుండా పోగుపడుతున్నాయి, నీ ప్లేట్‌లెట్స్‌ని పాడుచేస్తున్నాయి."

"అవి చస్తేనే నేను బాగుంటానా మేడమ్?"

"అంతే. అందుకే ఈ మందు. ఆపకూడదు."

ముందు స్టెరాయిడ్స్, తర్వాత రోజూ సిరోలిమస్ టాబ్లెట్. గడ్డలు కరిగాయి. మా తెలుగు చర్చిలో అమ్మ నన్ను నిలబెట్టి, స్వస్థత దొరికిందని సాక్ష్యం చెప్పించింది. మర్నాడు టాబ్లెట్ తీస్తే చెయ్యి పట్టుకుంది.

"అరే, అందరి ముందూ బాగైపోయిందని చెప్పి మళ్లీ గోలీ తింటావా? దేవుడి మాట అబద్ధం చేస్తావా?"

నాకూ నిజమేననిపించింది. మానేశాను.

ఫైనల్ పరీక్షలు మొదలయ్యే ముందు ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఆగలేదు. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. ఆసుపత్రిలో పడుకుని పుస్తకం అడిగితే, "పహలే ఖూన్ రుక్‌నే దో, బేటీ," ముందు రక్తం ఆగనీ అన్నారు డాక్టర్. ఆ ఏడాది పరీక్ష పోయింది.

అమ్మ మంచం పక్కన ఏడుస్తూ కూర్చుంది. చూడ్డానికొచ్చిన పాస్టరమ్మ ఆమె భుజం తట్టింది.

"దీదీ, నేను రోజూ ప్రార్థన చేసుకున్నాకే షుగర్ ఇంజెక్షన్ పొడుచుకుంటాను. మరి నాకూ విశ్వాసం లేదంటావా? బోలో!"

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. అప్పట్నుంచీ టాబ్లెట్ తనే చేతిలో పెడుతోంది.

మళ్లీ చదివి రాశాను. మా వంశంలో ఇదే మొదటి డిగ్రీ! మొన్న ఆదివారం సాక్ష్యం అమ్మే చెప్పింది: "మా పిల్ల పాస్! గోలీ వేసుకుంటూనే పాస్!"

ఇప్పటికీ వేసుకుంటున్నాను, రక్తపరీక్షలకీ వెళ్తున్నాను. మీకు నయమైతే ఎక్కడైనా సంతోషంగా చెప్పుకోండి. ఇంటికొచ్చి ఆ పూట టాబ్లెట్ మాత్రం వేసుకోండి. ఆపే మాట డాక్టర్ నోట రావాలి.