తాతయ్య పని, దీదీ పానీ

మొన్న శనివారం మా పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్ భజన మందిరంలో హార్మోనియం సర్దుకుంటున్న కుర్రాడొకడు మైకు ముందు నిండు చెంబు పెట్టి, భజనకు ముందు ఇలా నీళ్లు ఉంచడం మన పెద్దల నాటి ఆచారమనీ, నీటికి మంత్రశక్తిని పట్టి ఉంచే గుణం ఉందనీ సగం తెలుగులోనూ సగం హిందీలోనూ వివరిస్తుంటే, ప్రోతరాపూర్ నుంచి బస్సులో నిలబడి వచ్చిన మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఆచారం పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మంత్రశక్తి మాత్రం నా కంట పడలేదు.

మా తాతయ్య సిక్కోలు తీరం నుంచి ఓడెక్కి వచ్చి, పోర్ట్ బ్లెయిర్ ఒడ్డున వలలు వేసుకుని బతికిన తొలి తరం మనిషి. మా వాళ్ల భజనకు ఆయనే పెద్ద. తగువు తీర్చాలన్నా, పడవ దించాలన్నా ఆయన మాటే. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన అపశ్రుతి పాట విన్నవాళ్లు కూడా. తెల్లవారగానే, ఎవరితోనూ మాట పెట్టుకోకముందే, ఒడ్డున బోర్లించిన పాత పడవ చాటుకు వెళ్లి సముద్రం వైపు తిరిగి ఒక్కడే కూర్చునేవాడు. దాన్ని జపమనో ధ్యానమనో చెప్పుకోవడానికి సిగ్గు. ఎక్కడికని అడిగితే, పనుంది అనేవాడు.

పొరుగింట్లో రాంచీ వైపు నుంచి వచ్చిన దీదీ ఉండేది. ఆవిడకు తెలుగు రాదు, తాతయ్యకు హిందీ రాదు, అందుకే ఇద్దరికీ ఎన్నడూ మాటా మాటా రాలేదు. ఈ ముసలాయన రోజూ పానీ, పానీ అంటూ పోతున్నాడు, ఇంట్లో కోడలు గుక్కెడు నీళ్లయినా ఇవ్వడం లేదు కాబోలని జాలిపడి, ఆవిడ ఆ పడవ దగ్గర చెంబుతో నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి మా అమ్మ మొహం మాడ్చుకుంది. తాతయ్య కాదనలేక తాగేసి, ఆ తర్వాతే కళ్లు మూసుకునేవాడు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

నాకు బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చిన ఏడాది, వేటకెళ్లిన మా బాబాయి పడవ తిరిగి రాలేదు. తెల్లారేసరికి గాలి ఇంకా రేగింది. వెతకడానికి కుర్రాళ్లు పడవలు సిద్ధం చేసుకుని తాతయ్య మాట కోసం చూస్తున్నారు. ఆయన తలగుడ్డ చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం నేను చూశాను. పనుంది, అన్నాడు.

"కొడుకు సంద్రంలో ఉంటే నీకు పనేటయ్యా, పని!" అని బాబాయి బావమరిది అరిచాడు.

ఆ కేక విని దీదీ చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "లో బాబా, పానీ," అని చేతికిచ్చింది.

మరో రోజైతే ఒడ్డంతా నవ్వేది. తాతయ్య నీళ్లు తాగి పడవ చాటుకు వెళ్లాడు.

తిరిగొచ్చిన మనిషి తలగుడ్డ ఒక్కసారే బిగించి చుట్టాడు. "గాలి తగ్గేదాకా ఒక్క పడవా దిగకూడదర్రా. పోయినోడు నా కొడుకొక్కడే సాలు. మీ అమ్మలకి నేనేటి సెప్పను?"

బావమరిది తెడ్డు ఇసకలోకి విసిరేసి దాని పక్కనే కూలబడ్డాడు.

మర్నాడు గాలి తగ్గి వీళ్లు పడవలు దించుతుండగానే బాబాయే వచ్చేశాడు. మడ అడవి చాటున తలదాచుకున్నాడట. బాబాయి దిగుతూనే అన్నం ఉందా అన్నాడు. పిన్ని ఏడుపు ఆపి తిట్లు అందుకుంది.

దేవుడేం చెప్పాడు తాతా, అని అడిగాను.

"ఏటీ సెప్పనేదే. నా బయం కాస్త దిగింది, అంతే. బయంలో ఉన్నోడు పదిమందికీ దారెలా సెప్తాడే?"

తాతయ్య పోయాక కూడా దీదీ నీళ్లు మానలేదు. ఆ పడవ చివికిపోయాక, చెంబు తెచ్చి మందిరంలో పెట్టింది. అలా అది శాస్త్రమైంది.

ఇప్పుడు మందిరం పెద్దది, గొంతులు తాతయ్య కన్నా ఎంతో మేలు, మైకు రేవుదాకా వినిపిస్తుంది. మొన్న భజన అయ్యాక ఆ నీళ్లు తీర్థమని నా దోసిట్లో పోసిన కుర్రాడికి అసలు కథ చెబుదామనుకుని ఊరుకున్నాను. ఎప్పుడైనా ఒక్కడివే కూర్చుంటావా బాబూ, అని మాత్రం అడిగాను.

"టైం కహాఁ హై అమ్మమ్మా? బహుత్ పనుంది," అన్నాడు.

దీదీ ఉండి ఉంటే చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చేది.