గాలి చూసి ఎగరేసిన కరుణక్క

నిన్న పొద్దున నా రొయ్యల గుంటలో మేత చల్లుతుంటే ఫోన్ వచ్చింది. నీళ్ళలో గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడులో సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

కరుణక్క పోయిందంట.
నిద్రలోనే గుండె ఆగిపోయిందంట.

మొన్న సాయంత్రమే కదా నా గట్టు మీద కూర్చుని, నా టీ నీళ్ళలా ఉందని తిట్టి, రెండో గ్లాసు కూడా తాగి వెళ్ళింది!

మేత బకెట్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. కోవూరు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. పోయిన ఏడాది ప్రభుత్వం మా మహిళా సంఘానికి సబ్సిడీ మీద మందు కొట్టే డ్రోన్ ఇచ్చింది. ట్రైనింగ్‌కి ఎవరు వెళ్తారంటే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కరుణక్క చెయ్యెత్తింది. మిద్దె ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి!

డ్రోన్ వచ్చిన రోజు మేం దానికి పసుపు కుంకుమ పెట్టాం. కరుణక్క ప్రభువుకి ప్రార్థన చేసింది. రెండు వైపులా కవర్ చేశాం అని నవ్వుకున్నాం.

కానీ ఒక్క రైతూ పిలవలేదు. ఆడవాళ్ళ చేతికి డ్రోన్ ఏంటని ఎగతాళి. అగ్రికల్చర్ మేడమ్ కూడా తేల్చి చెప్పేశారు, ఈ సీజన్‌లో వాడకపోతే డ్రోన్ ఇంకో ఊరి సంఘానికి వెళ్ళిపోతుందని.

చివరికి రమణయ్య గారు పిలిచారు. ఊళ్ళో పెద్ద రైతు. వరికి సుడిదోమ పట్టి పైరు మాడిపోతోంది, మందు కొట్టడానికి కూలీలు దొరకలేదు. ఆయన ఒక్కరు సరే అంటే మిగతా వాళ్ళూ పిలుస్తారు.

ఆయన చేనికి పడమర పక్కనే నా గుంట. మధ్యలో ఒక్క గట్టు.

దోమ మందు తుంపర గుంటలో పడితే రొయ్య ఒక్కటీ మిగలదు. రొయ్యలు పెరిగి పట్టుబడికి వచ్చిన గుంట అది. మా ఇంటి బతుకంతా ఆ నీళ్ళలోనే ఉంది.

కరుణక్క తన పాత పసుపు చీర అంచు చించి, నా గట్టు మీద కర్రకి కట్టింది. డ్రోన్ రెక్కలు విప్పింది. చూడ్డానికి సగం ఊరు వచ్చింది.

ఆ రోజు సముద్రం గాలి ముందే లేచింది. గుడ్డ నా గుంట వైపు తిరిగింది.

"ఇప్పుడు ఎగరెయ్యను" అంది కరుణక్క.

రమణయ్య గారికి మండింది. "పైరు కాలిపోతా ఉంటే గాలి అంటావేంది అమ్మే? చేతగాకపోతే చెప్పు, వేరేవాళ్ళని పిలిపించుకుంటా!"

మా సంఘం వాళ్ళే ఆమె మీద పడ్డారు. "ఒక్క చుట్టు ఏసెయ్ అక్కా, లేకుంటే డ్రోన్ పోతాది!"

డ్రోనూ మాదే, గుంటా నాదే. ఏమని చెప్పను?

కరుణక్క నా వైపు చూడను కూడా లేదు. బ్యాటరీ పీకి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చతికిలపడింది.

"పిలిపించుకో అన్నా. నేనైతే ఆమె నీళ్ళలో విషం పొయ్యను. తెల్లారగట్ల గాలి సముద్రం వైపుకి పోతాది. అప్పుడొస్తా."

ఆయన బండెక్కి వెళ్ళిపోయారు. ఇక డ్రోన్ మీద ఆశ వదిలేసుకున్నాం.

మర్నాడు తెల్లారుతుండగా, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు డ్రోన్ మోసుకుని వెళ్ళాం. రమణయ్య గారు అప్పటికే గట్టు మీద ఉన్నారు. పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. ఒక్కరే.

ఆయన గుడ్డనే చూస్తున్నారు. అది సముద్రం వైపు ఊగుతోంది.

"కానియ్ అమ్మే" అన్నారు.

కరుణక్క చేనంతా మందు కొట్టింది. ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. గుంటలో మేత చూసే ట్రే పైకి లాగడం, చూడటం, మళ్ళీ దించడం. సాయంత్రం కూడా ట్రేలో రొయ్యలు చిటపటమని ఎగురుతుంటే గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను.

"నీ రొయ్యలకి లేని భయం నీకెందుకు మే?" అని తిట్టింది కరుణక్క. తిడుతూనే నా పక్కన కూర్చుంది.

ఆ సీజన్ అయ్యేసరికి ఊరంతా ఆమెని డ్రోనక్క అనే పిలవడం మొదలుపెట్టారు. డ్రోన్ మా దగ్గరే ఉంది.

నిన్న సాయంత్రం ఆమెని మట్టిలో పెట్టి వచ్చాం.

ఈ రోజు పొద్దున రమణయ్య గారి చేనికి మందు కొట్టాలి. ఆమే ఒప్పుకున్న పని. మళ్ళీ సుడిదోమ, ఆలస్యమైతే పైరు దక్కదు. ఆమె దగ్గర నేర్చుకున్న శైలజ రిమోట్ పట్టుకుంది.

ఆ గుడ్డ ఇంకా నా గట్టు మీదే ఉంది. రంగు వెలిసిపోయింది. కొత్తది కడతానంటూనే ఉండేది, కట్టలేదు.

అందరం అటే చూశాం. సముద్రం గాలి ముందే లేచి, గుడ్డ నా గుంట వైపు ఊగుతోంది.

శైలజ భయంభయంగా రమణయ్య గారి వైపు చూసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"రేపు చూద్దాంలే అమ్మే. ఆ యమ్మ ఒప్పుకోదు" అన్నారు.

కరుణక్కా, పోయిరా.
గాలి సంగతి మేం చూసుకుంటాం.
ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.